భూగోళశాస్త్రం: ఒక పోస్టు, మహిళ

మా డిపార్ట్‌మెంటు తాళంచెవి పద్నాలుగేళ్లు నా జేబులోనే ఉంది, ఏడాదికి పది రోజులు తప్ప. ఆ పది రోజులను యూనివర్సిటీలో ‘బ్రేకు’ అంటారు. కాంట్రాక్టు మీద పాఠం చెప్పేవాడి సర్వీసు ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ అతుక్కోకూడదు. రేపు వాడు కోర్టుకెక్కి నేనూ పర్మినెంటు మనిషినేనని అనకూడదు. అందుకని ప్రతి ఎండాకాలం బయటికి పంపి, మళ్లీ కొత్తగా తీసుకున్నట్టు కాగితం ఇస్తారు. తాళంచెవి ఆఫీసులో అప్పగించి, సంతకం పెట్టి పోవాలి. పోవడానికి నాకు చోటేది? అద్దె గదిలో రేకుల కింద ఉడికే బదులు, పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డిపార్ట్‌మెంటు బయట బెంచీ మీద వచ్చి కూర్చునేవాణ్ని. లోపల నా కుర్చీ, నా పుస్తకాలు, నా మ్యాపులు. బయట నేను. “ఏం సార్, బ్రేకులో గూడా డ్యూటీనా?” అని అటెండరు నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఏడవలేక నవ్వడం ఎలాగో నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

నేను చెప్పేది భూగోళశాస్త్రం, అందులోనూ వాన రాని నేలల గురించి. అనంతపురంలో ఉంటూ అది కాక ఇంకేం చెబుతాను! రెండు ఋతుపవనాలూ మమ్మల్ని చుట్టపుచూపుగానైనా పలకరించకుండా ఎందుకు పక్కనుంచి పోతాయో బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తే, శనక్కాయ చేలల్లో పెరిగిన పిల్లలు పెన్ను కింద పెట్టి, ఇది మాకు తెలీనిదా అన్నట్టు చూసేవారు. మేడ మీద వానను కొలిచే పరికరం ఒకటుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు దాన్ని చూసి రిజిస్టరులో రాయమని నాకెవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. నెలల తరబడి సున్నా. బ్రేకు రోజుల్లో కూడా మెట్లెక్కి పోయి సున్నా వేసి దిగేవాణ్ని. పిచ్చి అనుకోండి. పొద్దున లేచి ఒకచోటికి పోవాల్సిన పని మనిషికి ఉండాలి.

మా అన్న గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. వాళ్లింటికి పోయినప్పుడల్లా అన్నం పెట్టించి, నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకునే వేళకు మొదలుపెట్టేవాడు. “నాతో పాటే రైల్వే పరీక్ష రాసింటే నీకూ ఈపాటికి క్వార్టర్సు ఉండేది గదరా. ఆ పీహెచ్‌డీ చేసి ఏం పీకినావు?” అనేవాడు. రానురాను గుంతకల్లు పోవడం తగ్గించుకున్నాను. పెళ్లి సంబంధాలదీ అదే వరస. ‘అబ్బాయి యూనివర్సిటీలో లెక్చరరు’ అన్నంతసేపూ బాగానే నడిచేది. “పర్మినెంటేనా?” అని అవతలివాళ్లు అడగ్గానే మధ్యవర్తి కాఫీ గ్లాసు కింద పెట్టేవాడు. నోటిఫికేషన్ పడనీ, అప్పుడు చూద్దామని నేనే ముందు అనడం మొదలుపెట్టాను. ఇల్లు, పెళ్లి, పళ్లకు వైద్యం, అన్నీ నోటిఫికేషన్ పడ్డాకే. పడకుండానే నలభై ఆరేళ్లు వచ్చాయి.

ఈలోగా నేను ఒక విద్యలో మాత్రం ఆరితేరాను. ఉద్యోగ దరఖాస్తులు నింపడం. దేశంలో ఏ యూనివర్సిటీ ఏ పోస్టుకు పిలిచినా నేను వేసేవాణ్ని. వేసీ వేసీ ఆ ఫారాల నాడి నాకు దొరికిపోయింది. ఏ వ్యాసానికి ఎన్ని మార్కులు, ఏ సర్టిఫికెట్‌కు ఎవరి సంతకం, ఎక్కడ గీత కొట్టాలి, ఎక్కడ ‘వర్తించదు’ అని రాయాలి, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అన్ని శాఖల పిల్లలూ సంచుల్లో కాగితాలు పెట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. నేను నింపిన ఫారాలతో ఎంతోమంది ఉద్యోగాల్లో చేరారు. చేరాక మొదటి నెల స్వీటు పెట్టె తెచ్చేవారు, రెండో నెల ఫోను చేసేవారు, ఆ తర్వాత ఎవరి సంసారాలు వాళ్లవి. నాకు కోపం లేదని చెబితే అబద్ధం. ఉండేది, బాగానే ఉండేది.

మా శాఖలో పాత ప్రొఫెసర్లు ఒక్కొక్కరే రిటైరై పోయి, పర్మినెంటు మనిషి అంటూ ఒక్కరూ మిగల్లేదు. చరిత్ర శాఖ ప్రొఫెసరు ఒకాయన మాకూ ఇన్‌చార్జి హెడ్డుగా ఉండేవాడు. పాపం మంచాయన, భూగోళం జోలికి మాత్రం వచ్చేవాడు కాదు. ఒకరోజు పిలిచి, “ఏమప్పా, పోస్టులకు ప్రపోజల్ పంపల్లంట. మీ దాంట్లో స్పెషలైజేషన్ ఏం పెట్టల్లో నువ్వే రాసియ్యి” అన్నాడు.

కొత్త పోస్టు కాగితం రాసేవాడు తనకు సరిపోయే చొక్కాయే కుట్టుకుంటాడు. అందరూ చేసేదే, యూనివర్సిటీల్లో అదేం రహస్యం కాదు. నేను నా పీహెచ్‌డీ అట్టమీద ఉన్న మాటలే దించేశాను: శుష్క ప్రాంతాల నీటి వనరులు, చెరువులు, కుంటలు. రాష్ట్రం మొత్తం గాలించినా ఆ మాటలకు అచ్చంగా సరిపోయేవాళ్లు ఇద్దరే. ఒకడిని నేను. రెండో మనిషి నా దగ్గర చదువుకుని, నా దారినే పరిశోధన చేసిన ఒక అమ్మాయి. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ సాయంత్రం నేను పర్మినెంటు ఉద్యోగిగా నా గది గోడకు ఏ మ్యాపు తగిలించుకోవాలా అని ఆలోచించాను.

రెండేళ్లకు నోటిఫికేషన్ పడింది. టీ కొట్టు దగ్గర నిలబడి ఫోనులో చూశాను. స్పెషలైజేషన్ అక్షరం పొల్లుపోకుండా నేను రాసిందే. దాని పక్క గడిలో: ఒక పోస్టు, మహిళ. రిజర్వేషన్ల వరసలో మా శాఖ పోస్టు ఆడవాళ్ల వంతులో పడింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, అలాగైంది నా పని. తప్పని అనను, వాళ్ల వంతు వాళ్లకు రావాల్సిందే. కానీ పద్నాలుగేళ్లలో వచ్చిన ఒకే ఒక్క పోస్టుకు అది పడాలా? టీ చల్లారిపోయింది. కొట్టాయన “ఇంగోటి పోసియ్యల్లనా సార్?” అంటే వద్దన్నాను.

ఆ అమ్మాయి గురించి చెప్పాలి. మడకశిర వైపు పిల్ల. వాళ్ల నాయనకు గొర్రెల మంద. మాటల మధ్యలో కన్నడం దొర్లేది. గొర్రెల వెనక తిరిగీ తిరిగీ ఏ కుంటలో నీళ్లు ఏ నెలకు ఇంకిపోతాయో దానికి కాగితాలు చూడకుండా తెలుసు. అదే పరిశోధన చేయమన్నాను, చేసింది. పేరుకు గైడు ఇంకొకరు, కాంట్రాక్టు వాడికి గైడుగా ఉండే అర్హత లేదు కదా. చదివి దిద్దినదంతా నేనే. బ్రేకు రోజుల్లో నేను బయట బెంచీ మీద కూర్చుంటే, ఎందుకు సార్ ఇక్కడ అని అడగని మనిషి ఆ పిల్ల ఒక్కతే. వచ్చి పక్కన కూర్చుని, సంచీలోంచి తన అధ్యాయం తీసి, “ఇది సూడండి సార్” అనేది. మధ్యాహ్నం రాగిముద్ద డబ్బా మూతలో సగం నాకు పెట్టేది. నాకు ఆ పది రోజులే ఏడాదిలో బాగుండేవని ఎవరికైనా చెబితే నవ్వుతారు.

నోటిఫికేషన్ పడిన రోజు సాయంత్రమే ఫోను చేసింది. “సూసినారా సార్?”

“చూశానమ్మా.”

“అది మీ పోస్టు గదా సార్.”

“నాదేంటి, గవర్నమెంటుది.”

“నేను వెయ్యల్లనా వద్దా సార్? మీరెట్ల చెప్తే అట్ల” అంది. అలా అడగడం నాకు నచ్చలేదు. వద్దు అనే మొహం నాకు లేదని తెలిసే అడుగుతోందా అనిపించింది. “వెయ్యకపోతే ఎవరికి వదిలిపెడతావు? ఆదివారం కాగితాలు తీసుకుని రా” అని కసిరినట్టే చెప్పాను.

పోస్టు ఒకరికి వస్తే నాకేమవుతుందో మా కారిడార్లో అందరికీ తెలుసు. పర్మినెంటు మనిషి చేరితే ముందు ఆ మనిషికి పదహారు గంటల పాఠాలు ఇవ్వాలి. మా శాఖలో ఉన్నదే ఇరవై గంటలు. మిగిలే నాలుగు గంటలకు కాంట్రాక్టు ఇవ్వరు, పాఠానికింతని ఇచ్చి పంపేస్తారు. అంటే ఆ దరఖాస్తు నింపడమంటే నా ఉద్యోగానికి నేను నీళ్లు వదలడమే.

ఆదివారం డిపార్ట్‌మెంటు తెరిచి కూర్చున్నాం. కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే చూస్తూ ఫారం నింపాను. నిజం చెప్పాలంటే మొదట్లో సంతోషంగానే ఉంది. ఆ పిల్ల రాసిన వ్యాసాలన్నీ నా చేతిమీదుగా పోయినవే. ఒక్కోదానికి మార్కులు వేస్తుంటే నాకే వేసుకుంటున్నట్టుంది. అప్పుడు కదిరి సర్టిఫికెట్ చేతికొచ్చింది. పీహెచ్‌డీ అయ్యాక ఒక ఏడాది కదిరిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పింది. ప్రిన్సిపాల్ సంతకం ఉంది, సీలుంది. దాని కింద కడపలో ఉండే పై అధికారి సంతకం ఉండాలి, లేదు. అది లేని అనుభవం చెల్లదు. అనుభవం ఒక్కటే పోతే ఫర్వాలేదు. కానీ సరిగాలేని కాగితం ఒక్కటి జతచేసినా మొత్తం దరఖాస్తు తోసేస్తామని నోటిఫికేషన్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. అది చదివేవాళ్లు తక్కువ. నేను చదివాను.

చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటితో, “నీళ్లు తాగొస్తానమ్మా” అన్నాను.

కారిడార్ చివర కుళాయి దగ్గర నిలబడ్డాను. ఎవరూ లేరు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఫారాల పరిశీలనలో ఎవరో గుమాస్తా దాన్ని పక్కన పడేస్తాడు. ఇంకొకరు ఆ స్పెషలైజేషన్‌కు సరిపోరు. పోస్టు అలాగే మిగిలిపోతుంది. నేను ఎప్పటిలాగే పాఠం చెప్పుకుంటాను. ఆ పిల్లకు ముప్పై ఒక్క ఏళ్లు, దానికి ఇంకా నోటిఫికేషన్లు వస్తాయి. నాకేం వస్తాయి, వెంట్రుకలు తెల్లబడడం తప్ప? ఇదంతా రెండు నిమిషాల్లో అనుకున్నాను. తిరిగి వచ్చి, ఆ కాగితాన్ని మిగతావాటి మధ్యలో పెట్టి, పేజీ తిప్పాను. “అంతా బాగుండాదా సార్?” అంది. “బాగుంది” అన్నాను. పద్నాలుగేళ్లలో ఒక ఫారం విషయంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

మండలాఫీసులో నివాస ధ్రువపత్రం తీసుకోవాలి, అది పెట్టి సోమవారమో మంగళవారమో తెచ్చి ఇస్తానని కవరు సంచీలో పెట్టుకుని మడకశిర బస్సెక్కింది. ఆఖరి తేదీ శుక్రవారం. వెళ్లేముందు నా కాళ్లకు దండం పెట్టబోయింది. గబుక్కున వెనక్కి జరిగాను. ఆ దండం తీసుకుని ఉంటే ఏమయ్యేవాణ్నో.

సోమవారం నేను హాయిగా ఉన్నాను. ఇది దాచను. మెస్సులో పప్పు బాగుందని ఇంకొంచెం వేయించుకున్నాను. మధ్యాహ్నం కునుకు తీశాను. మంగళవారం కూడా అలాగే గడిచేదే, మధ్యాహ్నం ఇన్‌చార్జి హెడ్డు ఎదురుపడి భుజం మీద చెయ్యి వేయకపోతే. “ఏమప్పా, ఆ పోస్టు గురించి దిగులు పెట్టుకోవాకు. ఆ స్పెషలైజేషన్‌కు ఆడమనిషి యాడ దొరుకుతాది? ఎవురూ రాకుంటే పోస్టు మిగిలిపోతాది, నీ గంటలు నీకుంటాయి. దేవుడు నీ పక్కనుండాడు లే” అని పెద్దగా నవ్వాడు.

కుళాయి దగ్గర నేను అనుకున్న మాటలే అవి. ఇంకొకరి నోట వినేసరికి ఛీ అనిపించింది. దేవుణ్ని కూడా ఇందులోకి లాగానా! నా ముఖం ఎలా ఉందో ఏమో, ఆయన “ఏం, ఒంట్లో బాగలేదా?” అని అడిగాడు. నాలుగు గంటలకు ఫోను చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

“ఇచ్చేసినావామ్మా?”

“ఇంగా ఇయ్యల్యా సార్. ఈపొద్దు మంగళవారం గదా, మా అమ్మ వద్దనింది.”

వాళ్లమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను. కదిరి కాగితం మీద కడప సంతకం లేదని, ఇప్పుడే గుర్తొచ్చిందని చెప్పాను. “ఇప్పుడే గుర్తొచ్చింది” అని రెండుసార్లు అన్నాను. గాబరా పడుతుందనుకున్నాను, పడలేదు. “సరే సార్. రేపు పొద్దున్నే పోతా” అంది, అంతే. బుధవారం కదిరి పోయింది, గురువారం కడప, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కవరు తెచ్చి సెక్షన్లో ఇచ్చింది. ఎండలో తిరిగి ముఖం వాడిపోయి ఉంది. క్యాంటీన్లో మజ్జిగ ఇప్పించాను.

ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో అడగలేదు, అది చెప్పలేదు. చేరిన రోజున వాళ్ల నాయన కంబళి భుజాన వేసుకుని వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, “మీ దయ సామీ” అన్నాడు. నేను నా కుర్చీ ఖాళీ చేసి కిటికీ పక్కనున్న బల్లకు మారాను. ఆ అమ్మాయి వద్దు సార్ వద్దు సార్ అంటూనే ఉంది. ఇన్‌చార్జి హెడ్డు బరువు దించుకున్నట్టు హెడ్డు బాధ్యత కూడా దాని చేతుల్లోనే పెట్టి చరిత్రలోకి వెళ్లిపోయాడు. ఆ ఏడాది ఎలాగో కాంట్రాక్టు నడిచింది. జూన్‌లో బ్రేకు అయ్యాక నాకు కాగితం రాలేదు. నాలుగు గంటలకు రమ్మని మాత్రం ఆఫీసు నుంచి చెప్పారు.

తప్పు ఎవరిదీ కాదు. అదే ఇంకా కష్టం, తిట్టుకోవడానికి కూడా మనిషి ఉండడు. బెంగళూరు పొలిమేరల్లో ఒక ప్రైవేటు యూనివర్సిటీవాళ్లు భూగోళం చెప్పేవాళ్లు కావాలని ప్రకటన వేశారు. దరఖాస్తు నింపాను, ఈసారి నాదే. దానికి అనుభవం సర్టిఫికెట్ కావాలి. హెడ్డు సంతకం పెట్టాలి. పద్నాలుగేళ్లు, పద్నాలుగు ముక్కలు, మధ్యలో పదేసి రోజుల సందులు. అన్నీ వరసగా టైపు చేయించి, చివర అందరూ రాసే వాక్యమే రాయించాను: ‘ఈ కాలంలో వీరి ప్రవర్తన సంతృప్తికరముగా ఉన్నది.’

కాగితం తీసుకుని పోయేసరికి ఆ అమ్మాయి లేచి నిలబడింది. “కూచోండి సార్” అంది. కూర్చున్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివరి వాక్యం దగ్గర పెన్ను ఆపింది.

“సార్, ఒగ మాట చెప్తా, ఏమనుకోవద్దండి. ఆ కడప సంతకం సంగతి నాకు ఆదివారం సాయంత్రమే తెలిసింది. బస్సులో ఉండంగనే. కదిరిలో నాతో పాటు చేసినాయప్ప ఫోను చేసి చెప్పినాడు.”

నాకు అర్థం కాలేదు. “మరి సోమవారమే పోయుండొచ్చు కదమ్మా?” అన్నాను.

“మీకు తెలీకుండా ఉండదు గద సార్. ఫారాల్లో మీకు తెలీనిదేముండాది? తెలిసీ చెప్పల్యా అంటే సారుకు ఎంత కష్టంగా ఉండాదో అనుకున్న్యా. మీరు ఫోను చేస్తే పోదాము, చేయకుంటే ఊరికే ఉండిపోదాము, సారు బతుకు తీసుకోని నేనేం చేసుకోవల్ల అనుకున్న్యా. రెండు దినాలు ఫోను చేతిలో పెట్టుకోని కూచున్న్యా సార్. మంగళవారమని మా అమ్మ ఏమీ అనలేదు. నేనే చెప్పినా.”

రెండు రోజులు! ఆ రెండు రోజులూ నేను పప్పు రెండోసారి వేయించుకుని తిని నిద్రపోయాను. ఆ పిల్ల తన ఉద్యోగాన్ని తీసి నా చేతిలో పెట్టి, ఏం చేస్తానో చూస్తూ తిండి తిప్పలు మాని కూర్చుంది. ఇన్‌చార్జి హెడ్డు ఆ రోజు ఆ దారిన రాకపోయి ఉంటే నేను ఫోను చేసేవాణ్ని కాదు. ఆ మాట దానితో చెప్పాలని గొంతు దాకా వచ్చింది. అంతటి మాట విన్నాక కూడా నాకు ధైర్యం చాల్లేదు.

‘సంతృప్తికరముగా’ అన్న మాట కొట్టేసి, దానిపైన గుండ్రటి అక్షరాలతో ‘చాలా గొప్పగా’ అని రాసింది. “అలా రాయకూడదమ్మా, కొట్టివేతలుంటే ఒప్పుకోరు. మళ్లీ టైపు చేయించి తెస్తాను” అన్నాను. వినలేదు. కొట్టేసిన చోట పొట్టి సంతకం, కింద పొడుగు సంతకం పెట్టి, సీలు వేసి, రెండు చేతులతో ఇచ్చింది.

బయటికి వచ్చాను. తరగతులు జరుగుతున్నాయి, కారిడార్లో ఎవరూ లేరు. జరిగిందంతా ఎవరితోనైనా, ఆ కుళాయి దగ్గరి నుంచి, ఉన్నదున్నట్టు చెప్పుకుని ఏడవాలనిపించింది. ఎవరున్నారా అని ఆలోచించాను. అలా చెప్పుకోవడానికి నాకున్న మనిషి ఆ అమ్మాయి ఒక్కతే.